రెండు ఛానళ్లు ఖాళీగా ఉన్నాయి, నాన్నగారికి మాత్రం మాటలు తెలియడం లేదు

విజయవాడ నుంచి ఒక పాఠకుడు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 41, ఉద్యోగస్తుడు. రెండేళ్ల కిందట సొంత ఫ్లాట్‌లోకి మారినప్పుడు హైదరాబాద్‌లో ఉండే బావగారు, అంటే అక్కయ్య భర్త, తాను వాడుతున్న, ఏడు స్పీకర్ల దాకా నడపగల ఏడు ఛానళ్ల ఏవీ రిసీవర్‌నీ, రెండు పెద్ద టవర్ స్పీకర్లనీ ఈయనకి ఇచ్చేశారు. సెంటర్ స్పీకర్, వెనక రెండు సరౌండ్‌లు, సబ్‌ఊఫర్ ఈయన కొనుక్కున్నారు. అలా 5.1 సెట్, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్, తయారైంది. రిసీవర్‌లో ఇంకా రెండు ఛానళ్లు మిగిలిపోయాయి.

బావగారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఆ రెండు ఛానళ్లూ ఊరికే పడి ఉన్నాయి కదోయ్, టవర్లకి బై-ఆంప్ చేసెయ్. పవర్ డబుల్ అవుతుంది." కొట్టులో అడిగితే దానికి ప్రత్యేకమైన కేబుల్ కావాలని 26 వేలు చెప్పారు. భార్య మాత్రం "హాల్లో ఇంకొక్క వైరు కనబడినా ఒప్పుకోను" అన్నారు. వీటన్నిటి మధ్యలో 73 ఏళ్ల నాన్నగారు ఉన్నారు. సినిమా మొదలైన అరగంటకి "మోత వినబడుతోంది గానీ మాట తెలియడం లేదురా" అని లేచి గదిలోకి వెళ్లిపోతున్నారు. వాల్యూం పెంచితే పక్క ఫ్లాట్ వాళ్లు బెల్లు కొడుతున్నారు. ఒకసారి పోరాట సన్నివేశంలో రిసీవర్ దానంతట అదే ఆగిపోయింది. పవర్ చాలకే ఇదంతా అని ఈయనకీ అనిపిస్తోంది. బావగారు సంక్రాంతికి వస్తున్నారు. చేయకపోతే ఆయన ఇచ్చిన వస్తువుని లెక్క చేయలేదనుకుంటారని, చేస్తే ఇంట్లో పేచీ అని టెన్షన్. "బై-ఆంప్ చేస్తే మా నాన్నకి మాటలు బాగా వినబడతాయా? 26 వేలు పెట్టమంటారా?" అని అడిగారు. ఉత్తరంతో పాటు హాలు ఫోటోలు రెండు పంపారు.

సమాధానం:

అడిగిన రెండింటికీ ముందు సూటిగా చెబుతాను. బై-ఆంప్, అంటే ఒక్కో స్పీకర్‌కి రెండేసి ఆంప్లిఫైయర్లు ఇవ్వడం, వల్ల మీ నాన్నగారికి మాటలు బాగా వినబడవు. 26 వేల కేబుల్ అక్కర్లేదు. 5.1 సౌండ్‌తో వచ్చే సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ స్పీకర్లోంచే వస్తాయి. మీరు పవర్ పెంచుదామనుకుంటున్నది దాని పక్కనున్న టవర్లకి. వాటికి ఎంత బలం ఇచ్చినా పెరిగేది సంగీతం, మోత. మాట ఇంకా వెనకబడుతుంది.

అలాగని మీ బావగారు చెప్పింది ఉత్తిమాట కాదు. అందులో నిజం ఎంతవరకు ఉందో తెలిస్తే ఆయనతో మాట్లాడటం మీకూ తేలికవుతుంది, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ టవర్ వెనక్కి వెళ్లి చూడండి. నాలుగు టెర్మినళ్లు, పై జతకీ కింది జతకీ మధ్య బంగారు రంగులో వేలెడు పొడవున్న రెండు రేకులు ఉంటాయి. పై జత సన్నని శబ్దాలు మోగించే ట్వీటర్‌కి, కింది జత బేస్ మోగించే ఊఫర్లకి. మామూలుగా ఒకే వైరు వస్తుంది, ఆ రేకుల గుండా రెండో జతకి కూడా సిగ్నల్ అందుతుంది. రేకులు తీసేసి, పై జతకి ఒక ఆంప్లిఫైయర్, కింది జతకి ఇంకో ఆంప్లిఫైయర్ ఇస్తే అదే బై-ఆంప్. మీ రిసీవర్‌లో మిగిలిన రెండు ఛానళ్లనీ ఆ పనికి మళ్లించే సదుపాయం మెనూలో ఉంటుంది. కొన్నింటిలో దాని పేరు ఆంప్ అసైన్, ఇంకొన్నింటిలో పవర్ ఆంప్ అసైన్.

అయితే పవర్ డబుల్ ఎందుకు కాదు? రిసీవర్ ఆ రెండు ఆంప్లిఫైయర్లకీ పంపేది ఒకే సిగ్నల్, పూర్తిగా. ట్వీటర్ వైపున్న దానికి కూడా బేస్‌తో సహా మొత్తం వెళుతుంది. సన్నని శబ్దాలనీ బేస్‌నీ విడగొట్టే పని ఎప్పటిలాగే స్పీకర్ లోపలున్న క్రాసోవరే చేస్తుంది. కాబట్టి ఒక పెద్ద శబ్దం వచ్చినప్పుడు ఒక్క ఆంప్లిఫైయర్ ఎంత వోల్టేజి దాకా ఎగబాకాలో, ఇప్పుడు రెండూ అంత దాకా ఎగబాకాలి. అందులో ఏదైనా పైహద్దుకి తగిలితే అదే పగులు, అదే గరగర. తగ్గేది కరెంటు భారం మాత్రమే. అది కూడా పూర్తిగా కలిసిరాదు, ఎందుకంటే రిసీవర్ లోపల అన్ని ఛానళ్లకీ పవర్ సప్లై ఒక్కటే.

మీ అపార్ట్‌మెంట్ మీద ట్యాంకు ఉంది కదా. బాత్రూంలో ఒక కుళాయి బదులు రెండు పెట్టించారనుకోండి. ట్యాంకు ఎత్తు పెరగదు కాబట్టి ధార జోరు పెరగదు. ట్యాంకులో నీళ్లూ పెరగవు. ఒకే పైపులో కాస్త ఇరుకు తగ్గుతుంది, అంతే. రిసీవర్‌లో మిగిలిన ఛానళ్లతో చేసే బై-ఆంప్ అంతే. వేరే పెట్టెలో, వేరే పవర్ సప్లైతో ఉండే ఆంప్లిఫైయర్ తెస్తే అప్పుడు రెండో ట్యాంకు వచ్చినట్టు.

పోనీ నిజంగానే పవర్ రెట్టింపు అయిందనుకుందాం. పెరిగే శబ్దం 3 డెసిబెల్స్. శ్రద్ధగా వింటే తెలుస్తుంది, తేడా పెద్దదేం కాదు. రెండింతలు మోగినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పదింతలు కావాలి.

ఇంతకీ మీకు ఎంత కావాలి? టవర్ల సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అనీ, సోఫా వాటికి పదడుగుల దూరంలో ఉందనీ రాశారు. అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 88, మీ సోఫా దగ్గరకొచ్చేసరికి సుమారు 78. మామూలు మాటల స్థాయి 70 లోపే, దానికి ఒక వాట్‌లో ఆరో వంతు కూడా ఖర్చు కాదు. బాంబు పేలినప్పుడు 90 దాకా వెళ్లాలంటే 16 వాట్లు చాలు. మీ పక్క ఫ్లాట్ వాళ్లు బెల్లు కొట్టేది బహుశా అక్కడే. మీ రిసీవర్ ఛానల్‌కి 90 వాట్లు అని రాశారు. ఛానళ్లన్నీ ఒకేసారి గట్టిగా మోగితే అంత రాదు, నిజమే. అయినా మీ హాలుకి కొరత అనేది లేదు.

ఇంకో సంగతి మీ బావగారికి తప్పకుండా చెప్పండి, ఆయన సంతోషిస్తారు. ఆంప్లిఫైయర్‌ని బాగా అలిసిపోయేలా చేసేది లోతు బేస్. ఆ బరువు మోయడానికి మీ సబ్‌ఊఫర్‌లో సొంత ఆంప్లిఫైయర్ ఉంది. రిసీవర్ మెనూలో టవర్లని "స్మాల్" అని పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇస్తే, అంతకంటే కింది బేస్ ఆంప్లిఫైయర్‌కి చేరకముందే విడిపోయి సబ్‌ఊఫర్‌కి వెళ్లిపోతుంది. అసలు సిసలు బై-ఆంప్ అంటే అదే: ముందు విడగొట్టడం, తర్వాత ఎవరి పని వాళ్లకి ఇవ్వడం. మీ ఫోటోలో టీవీ మీద కనబడుతున్న మెనూలో టవర్లు "లార్జ్" అని ఉన్నాయి. ఆ ఒక్క మాట మార్చండి. ఖాళీ ఛానళ్లు చేయలేని ఉపకారం అది చేస్తుంది. పెద్ద టవర్లని "స్మాల్" అనడం చాలామందికి చిన్నతనంగా అనిపిస్తుంది. అది స్పీకర్ సైజుకి సంబంధించిన మాట కాదు, బేస్ ఎటు వెళ్లాలో చెప్పే మాట.

ఇప్పుడు రిసీవర్ ఆగిపోవడం. రెండో ఫోటో చూశాక నాకు పెద్దగా సందేహం లేదు. టీవీ యూనిట్‌లో అద్దం తలుపున్న అరలో రిసీవర్, దాని నెత్తి మీద సెట్‌టాప్ బాక్స్, దాని మీద రిమోట్ల పెట్టె. పైన ఉన్న చీలికల్లోంచే దానికి ఊపిరి. వేడెక్కితే కాలిపోకుండా తనని తాను ఆపేసుకుంటుంది. సెట్‌టాప్ బాక్స్ తీసి పక్క అరలో పెట్టండి. పైన నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. సినిమా చూసేటప్పుడు అద్దం తలుపు తెరిచి ఉంచండి, వీలైతే వెనక పలకకి వడ్రంగి చేత కంత చేయించండి. అలా చేశాక కూడా ఆగిపోతే ప్లగ్ తీసి వెనక వైర్లన్నీ ఒక్కొక్కటిగా చూడండి. జుట్టంత సన్నని రాగి పోగు ఒకటి ఎర్ర టెర్మినల్ నుంచి నల్లదానికి తగిలినా ఇదే జరుగుతుంది. అదీ కాకపోతే మెకానిక్‌కి చూపించాలి. ఇది తేలకుండా బై-ఆంప్ చేస్తే మాత్రం అదే ఇరుకు అరలో మరో రెండు ఆంప్లిఫైయర్లని పనిలోకి దించినట్టు అవుతుంది.

ఇక నాన్నగారి సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం ఆయనదే: మోత వినబడుతోంది గానీ మాట తెలియడం లేదు. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదలని ఇంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ముందుగా తగ్గేది పై స్థాయి శబ్దాలు. అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది, అవి వినబడతాయి. క, త, ప, స, శ లాంటి హల్లుల పదును పైన ఉంటుంది, అది జారిపోతుంది. కాలు, పాలు, తాలు మూడూ ఒకేలా వినబడతాయి. అప్పుడు వాల్యూం పెంచితే బేస్, అచ్చులు ఇంకా మోగుతాయి. తెలియని మాట తెలియకుండానే ఉండిపోతుంది. ఆయన లేచి వెళ్లిపోతున్నది సినిమా నచ్చక కాదు. నలుగురూ నవ్వినప్పుడు తనకి నవ్వెందుకో తెలియక.

అందుకని ఒకసారి ఆయన్ని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. నొప్పి ఉండదు, ఎక్కువసేపు పట్టదు. ఒక్కోసారి గులిమి గట్టిపడి ఉంటుంది, తీసేస్తే చాలు. వినికిడి మిషన్ పెట్టుకోమంటే వెంటనే ఒప్పుకోకపోవచ్చు. బలవంతం చేయకండి. "మీకు వినబడదు" అనే మాటకన్నా "ఈ సినిమాలు అంతే, మాకూ మాటలు సరిగ్గా తెలియడం లేదు, మీకోసం సెట్ చేస్తున్నాం, కూర్చుని చెప్పండి" అనే మాట ఆయనకి బాగుంటుంది. అది అబద్ధం కూడా కాదు.

ఎందుకంటే మీ సెంటర్ స్పీకర్ ఉన్న చోట ఎవరికైనా మాటలు తెలియవు. మొదటి ఫోటోలో అది టీవీ యూనిట్ అడుగు అరలో, గోడ దాకా వెనక్కి తోసి ఉంది. ముందు ఒక కొండపల్లి బొమ్మల వరుస. అంటే మాట బయటికి వచ్చేటప్పుడు పైనున్న చెక్కకీ కింది చెక్కకీ కొట్టుకుని, ఎద్దులబండిని దాటి, మోకాళ్ల ఎత్తులో నేల మీదుగా వస్తోంది. నేలకి విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క పూర్తిగా బాల్కనీ అద్దం తలుపు. ప్రతి హల్లూ రెండుమూడుసార్లు ప్రతిధ్వనించి కలగాపులగం అవుతుంది.

బొమ్మలు వేరే అరలోకి మార్చండి. స్పీకర్‌ని అర అంచు దాకా ముందుకు లాగండి, మూతి చెక్క అంచుకి సమానంగా గానీ వేలు మందం ముందుకు గానీ ఉండాలి. ముందు వైపు కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, దాని చూపు సోఫాలో కూర్చున్న మనిషి చెవులకి వచ్చేలా ఎత్తండి. సోఫా ముందు మందపాటి తివాచీ, బాల్కనీ తలుపుకి బరువైన కర్టెన్. కర్టెన్ విషయం మీ శ్రీమతిగారికి వదిలేయండి. ఆవిడ వద్దన్నది వైర్లనే, హాలు బాగుపడటాన్ని కాదు.

ఇవి అయ్యాక రిసీవర్‌తో వచ్చిన మైకుతో ఆటో కాలిబ్రేషన్ (స్పీకర్ల శబ్దాన్ని హాలుకి తగ్గట్టు రిసీవరే సరిచేసుకోవడం) మళ్లీ చేయండి. మైకు చేతిలో పట్టుకోవద్దు, సోఫా మీద పడేయొద్దు. కెమెరా స్టాండ్ మీద చెవి ఎత్తులో ఉండాలి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మొదటి కొలత నాన్నగారు కూర్చునే చోటే తీసుకోండి. అయిపోయాక టవర్లు మళ్లీ "లార్జ్"కి మారాయేమో చూసుకుని, సెంటర్ లెవెల్ 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి, సబ్‌ఊఫర్ రెండు తగ్గించండి. నైట్ మోడ్ లేదా డైనమిక్ వాల్యూం అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. మాటలకీ పేలుళ్లకీ మధ్య తేడాని అది తగ్గిస్తుంది. పోరాట సన్నివేశాల గాంభీర్యం కొంత పోతుంది. పిల్లలు సణుగుతారు. కానీ పక్కింటి బెల్లు మోగదు, నాన్నగారు లేచి వెళ్లరు. ఆయన లేని రోజున ఆఫ్ చేసుకోవచ్చు.

ఇక ఆ రెండు ఛానళ్లు. మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి.

బై-ఆంప్ చేసి చూడటం ఒకటి. నిజానికి దీనికి మామూలు 14 గేజ్ రాగి వైరు చాలు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే రకం మాత్రం వద్దు. ప్లగ్ తీసేసి పని మొదలుపెట్టండి. టెర్మినల్ మరలు వదులు చేసి ఆ బంగారు రేకులు రెండూ బయటికి తీసి, టేబుల్ మీద మీ కళ్లముందు పెట్టుకున్నాకే రెండో వైరు ముట్టుకోండి. రేకులు అలాగే ఉంచి రెండు ఆంప్లిఫైయర్లు తగిలిస్తే వాటి అవుట్‌పుట్‌లు ఒకదానిలోకి ఒకటి వెళతాయి. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో ఒక్క స్పీకర్‌కి రేకు మరిచిపోయారు. ఆన్ చేయగానే రిసీవర్ ఆగింది, రెండోసారి ఆన్ చేస్తే ఇక లేవలేదు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి అని రెండుసార్లు చూసుకోండి. ఒక జత తిరగబడితే ట్వీటర్, ఊఫర్ కలిసే చోట శబ్దం డొల్లగా తయారవుతుంది. తర్వాత మెనూలో మార్చి, కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. నష్టం ఏమిటంటే ఆ ఛానళ్లు ఇక వేరే పనికి దొరకవు, హాల్లో ఇంకో రెండు వైర్లు కనబడతాయి.

రెండో దారి, సీలింగ్‌లో రెండు స్పీకర్లు పెట్టించి 5.1.2 అట్మాస్ చేసుకోవడం. రిసీవర్‌లో డాల్బీ అట్మాస్ ఉంటేనే. వాన, హెలికాప్టర్ నిజంగా పైనుంచి వస్తాయి, ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఫాల్స్ సీలింగ్ ఉంది కాబట్టి వైర్లు కనబడవు, కానీ సీలింగ్ కోయాలి. స్పీకర్ల ఖర్చు, పనివాళ్ల ఖర్చు, రెండు రోజుల దుమ్ము.

మూడోది నాకు మనసుకి దగ్గరగా అనిపించింది. ఆ ఛానళ్లని జోన్ 2 కింద, అంటే రెండో గది కోసం, పెట్టి నాన్నగారి గదిలో రెండు చిన్న స్పీకర్లు పెట్టడం. పొద్దున్నే సుప్రభాతం పెట్టుకుంటారని రాశారు కదా, ఫోన్ చిన్న స్పీకర్‌లో. మంచం పక్కన చెవి ఎత్తులో స్పీకర్ ఉంటే తక్కువ వాల్యూంలోనే బాగా వినబడుతుంది. చూసుకోవలసింది ఒకటి: కొన్ని రిసీవర్లు జోన్ 2లోకి హెచ్‌డీఎంఐ నుంచి వచ్చే శబ్దాన్ని పంపవు, బ్లూటూత్, ఇంటర్నెట్ రేడియో లాంటివి పంపుతాయి. మీ మోడల్ మాన్యువల్‌లో ఆ పేజీ చదివాకే గది దాకా వైరు లాగించండి.

నాలుగోది, ఏమీ చేయకపోవడం. ఖాళీగా ఉన్న ఛానల్ వల్ల మీకు నష్టం ఏమీ లేదు. రేపు నిజంగా ఇంకా పవర్ కావాలనిపిస్తే, రిసీవర్ వెనక ప్రీ-అవుట్ (వేరే ఆంప్లిఫైయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉంటే, విడిగా రెండు ఛానళ్ల పవర్ ఆంప్ తెచ్చి టవర్లకి ఇవ్వవచ్చు. అది రెండో ట్యాంకు.

బావగారి విషయంలో మీరు అనవసరంగా భయపడుతున్నారనిపిస్తోంది. వాడిన వస్తువు ఇచ్చేసి, రెండేళ్లుగా ఫోన్ చేసి మరీ దాని గురించి అడుగుతున్న మనిషి మీ ఇంట్లో అది బాగా మోగాలనే కోరుకుంటున్నారు. వద్దని ఫోన్‌లో చెప్పకండి, చేసేశానని అబద్ధమూ చెప్పకండి. "పండక్కి వస్తున్నారు కదా, ఇద్దరం కలిసి చేద్దాం" అనండి. వచ్చాక రెండు టవర్లనీ పక్కపక్కన పెట్టి, ఒకదానికే బై-ఆంప్ చేయండి, రెండోదానికి రేకులు ఉంచేయండి. రిసీవర్‌ని స్టీరియో మోడ్‌లో ఉంచి 1950, 60ల నాటి మోనో పాట ఒకటి పెట్టండి, రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకటే సిగ్నల్. రిసీవర్‌లో బ్యాలెన్స్ సెట్టింగ్ ఉంటే మీరు దాన్ని ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిప్పుతూ ఉండండి. ఆయన స్పీకర్లకి వీపు పెట్టి కూర్చుని ఏది ఏదో చెప్పాలి. పదిసార్లు చేయండి. పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చెబితే ఆయన చెవికి తేడా తెలుస్తోందన్నమాట, సంతోషంగా ఉంచుకోండి. అయిదారు దగ్గర ఆగిపోతే ఆయనే నవ్వి రేకులు బిగించేస్తారు. వైరు పండగ వెళ్లాక ఉంటుందో లేదో చూద్దామని మీ శ్రీమతిగారికి ముందే చెప్పండి.

కానీ సెంటర్ స్పీకర్ పని పండగ దాకా ఆపకండి. బొమ్మలు తీసి దాన్ని ముందుకు లాగడానికి పది నిమిషాలు చాలు. ఈ ఆదివారమే చేసి, నాన్నగారికి బాగా ఇష్టమైన పాత సినిమా ఏదైనా పెట్టి, రిమోట్ ఆయన చేతికే ఇవ్వండి. పాత సినిమా మోనో కాబట్టి రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ పెట్టాలి, అప్పుడే మాటలు సెంటర్‌లోకి వస్తాయి.